డిష్‌వాషర్ గిన్నెల మీద తెల్లటి పొర: బోరు నీళ్ల ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

డిష్‌వాషర్‌లో కడిగిన గాజు గ్లాసును కిటికీ వెలుగులో ఎత్తి చూసినప్పుడు పలచగా సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తోందంటే, ఆ తప్పు చాలావరకు యంత్రానిదీ కాదు, డిటర్జెంటుదీ కాదు. అది మీ ఇంటికి వచ్చే నీటి వల్ల ఏర్పడే పొర. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ నీరు ఎలాంటిదో యంత్రానికి ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చే చిక్కు. కాబట్టి దీన్ని వదిలించుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు మరక ఏ రకానిదో గుర్తించాలి, తర్వాత నీటి కాఠిన్యాన్ని, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మొత్తాన్ని, అంకెల్లో తెలుసుకోవాలి, ఆ అంకెను యంత్రంలో అమర్చాలి, ఆ తర్వాతే యంత్రంలో పోసే ఉప్పు, రిన్స్ ఎయిడ్ (గిన్నెల మీద నీరు చుక్కగా నిలవకుండా చేసే ద్రవం), డిటర్జెంటు సంగతి చూడాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, ఒకదాని తర్వాత ఒకటి డిటర్జెంట్లు మారుస్తూ పోతారు.

హైదరాబాద్‌లో, నిజాంపేటలోని మా ఇంట్లోనూ నాలుగు నెలలు అదే జరిగింది. యంత్రం బిగించడానికి వచ్చిన మనిషి గొట్టాలు కలిపి, సంచిలోని ఉప్పు పోసి, ఒకసారి నడిపి చూపించి వెళ్లిపోయాడు. మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయని అతను అడగలేదు, అడగాలని మాకూ తెలియదు. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకుని, “ఏమ్మా, ఇందులో ఇంతకుముందు సున్నం గానీ కలిపారా?” అని అడిగిన రోజున నాకు కలిగిన బాధ ఇంకా గుర్తుంది. అప్పటికి రెండు రకాల డిటర్జెంట్లు మార్చి చూశాం. మూడోది కొనే ముందు యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివితే, నీటి కాఠిన్యం అమరిక కర్మాగారంలో పెట్టినచోటే ఉందని తెలిసింది. మా నీటికి అది ఏమాత్రం చాలదు.

ఆ తెలుపు ఎక్కడి నుంచి వస్తుంది

మన ఇళ్లలో బోరు నీటిని ఉప్పు నీళ్లు అనీ, నగర సరఫరాలో వచ్చే మంజీరా నది నీటిని మంచినీళ్లు అనీ అంటాం. ఉప్పు నీళ్లు అన్నంత మాత్రాన వాటిలో వంట ఉప్పు నిండి ఉందని కాదు. వాన నీరు నేలలోకి ఇంకి, రాతి పగుళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుని పైకి వస్తుంది. ఆ లవణాల మొత్తాన్నే కాఠిన్యం అంటారు. బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండిపోవడానికీ, తలస్నానం చేస్తే సబ్బు నురగ రాకుండా జుట్టు జిగటగా అట్టకట్టడానికీ కారణం ఇదే. గండిపేట, హిమాయత్‌సాగర్ వంటి జలాశయాల నీరుగానీ, జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) తెచ్చే మంజీరా, కృష్ణా, గోదావరి నీరుగానీ ప్రధానంగా వానకు పారి చేరిన నీరు. నేల లోతుల్లో అంతకాలం నిలవదు కాబట్టి సాధారణంగా బోరు నీటికంటే మెత్తగా ఉంటుంది.

నీటిలో కరిగి ఉన్నంతసేపూ ఈ కాల్షియం కంటికి కనిపించదు. అందులో ఎక్కువ భాగం బైకార్బనేట్ రూపంలో ఉంటుంది. నీరు వేడెక్కగానే బైకార్బనేట్ విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి, కరగని కాల్షియం కార్బనేట్ మిగులుతుంది. గీజర్ లోపల పెంకు కట్టేదీ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేదీ అదే పదార్థం. డిష్‌వాషర్ 50 నుంచి 70 డిగ్రీల వరకు నీటిని వేడి చేస్తుంది, చివరికి గిన్నెల మీది చుక్కలను ఆ వేడితోనే ఆరబెడుతుంది. అందువల్ల చుక్క ఆవిరైపోయి, అందులోని సున్నం గిన్నె మీద మిగిలిపోతుంది. చేత్తో తోమినప్పుడు ఇంతగా కనిపించకపోవడానికి కారణం చన్నీళ్లు వాడటం, పైగా వెంటనే గుడ్డతో తుడిచేయడం.

ఎంత సున్నమో ఒకసారి లెక్క వేసి చూస్తే విషయం బోధపడుతుంది. మీ నీటి కాఠిన్యం లీటరుకు 450 మిల్లీగ్రాములు అనుకుందాం. యంత్రం ఒక విడతకు, అంటే ఒకసారి కడగడానికి, 12 లీటర్లు వాడితే, ఆ నీటితో పాటు 5.4 గ్రాముల కాల్షియం కార్బనేట్‌కు సమానమైన లవణాలు లోపలికి వెళ్తాయి. రోజుకొక విడత చొప్పున నెలకు 160 గ్రాములు దాటుతుంది. ఇందులో చాలా భాగం మురికి నీటితో బయటికి పోయినా, మిగిలే కొంచెం గ్లాసులను మసకబార్చడానికి సరిపోతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012 నాటి ప్రమాణంలో పెట్టిన ఆమోదయోగ్య పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. అంటే తాగడానికి అనుమతించదగిన నీరు కూడా డిష్‌వాషర్‌కు చాలా కఠినమైనదే కావచ్చు.

మొదట మరకను గుర్తించండి

తెల్లగా కనిపించేదంతా సున్నం కాదు. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు, దాన్ని దాటేసి ముందుకు వెళ్తే తర్వాత చేసేదంతా వృథా కావచ్చు.

బాగా మసకబారిన ఒక గ్లాసును పూర్తిగా ఆరనివ్వండి. ఒక దూది ముక్కను వెనిగర్‌లోగానీ, వడకట్టిన నిమ్మరసంలోగానీ ముంచి, గ్లాసు మీద రూపాయి బిళ్లంత మేర అద్ది, ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. తర్వాత కడిగి, తుడిచి, వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అద్దిన చోట మాత్రం గాజు నిగనిగలాడుతూ, చుట్టూ మసక అలాగే ఉండి, మధ్యలో గుండ్రటి కిటికీ తెరిచినట్టు కనిపిస్తే అది సున్నమే. పొర మందంగా ఉంటే అద్దిన వెంటనే సన్నటి బుడగలు కూడా వస్తాయి. సున్నం అయితే నిశ్చింతగా ఉండవచ్చు, అది పూర్తిగా పోతుంది.

వెనిగర్‌కు ఏమాత్రం మారకపోతే రెండు అవకాశాలున్నాయి. ఒకటి, గాజే తినివేయబడి ఉండటం. క్షారగుణం ఎక్కువున్న డిటర్జెంటు, అధిక వేడి, మరీ మెత్తబడిన నీరు కలిసినప్పుడు గాజు ఉపరితలం మెల్లగా కరిగి మబ్బుగా మారుతుంది. తడిగా ఉన్నప్పుడు నిక్షేపంగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకగా కనిపించడం దీని గుర్తు. ఇది మరక కాదు, గాయం. ఏం చేసినా ఆ మెరుపు తిరిగి రాదు. రెండోది సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) పొర. రాతి నేలల బోరు నీటిలో సిలికా కూడా కరిగి ఉంటుంది, అది వెనిగర్‌కు లొంగదు, యంత్రంలోని మెత్తబరిచే భాగం కూడా దాన్ని ఆపలేదు.

ఇంకొన్ని రకాలను తేలిగ్గానే పట్టుకోవచ్చు. వేలు తడిపి రాస్తే మరక చెదిరిపోయి, నాలుకకు ఉప్పగా తగిలితే, యంత్రం అడుగున ఉప్పు పోసే అర మూత వదులుగా ఉందని అర్థం. పిండిలా రాలుతూ, తడిపితే జారుడుగా ఉంటే కరగని డిటర్జెంటు. నీలిరంగు జీరలతో ఇంద్రధనుస్సులా మెరిస్తే రిన్స్ ఎయిడ్ ఎక్కువైంది. అల్యూమినియం గిన్నెలు నల్లబడటం, చేతికి బూడిదరంగు అంటడం అసలు నీటికి సంబంధించినదే కాదు. క్షారం అల్యూమినియాన్ని తింటున్నదన్నమాట, కాబట్టి అలాంటి గిన్నెలను యంత్రంలో పెట్టనే కూడదు. ఇత్తడి, రాగి, ఇనుప పెనాలకూ ఇదే మాట వర్తిస్తుంది.

నీటి కాఠిన్యాన్ని అంకెల్లో తెలుసుకోండి

ఇక్కడ మన నగరంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఆర్‌ఓ ఫిల్టరు మార్చడానికి వచ్చే మనిషి దగ్గర పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. అది చూపించే అంకెనే కాఠిన్యంగా భావించి యంత్రంలో అమర్చేవారు చాలామంది ఉన్నారు. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న సమస్త లవణాల అంచనా, అందులో సోడియం కూడా ఉంటుంది. కాఠిన్యం అంటే కాల్షియం, మెగ్నీషియం మాత్రమే. టీడీఎస్ 900 ఉన్న నీటిలో కాఠిన్యం 300 ఉండవచ్చు, 500 కూడా ఉండవచ్చు. పైగా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ (నీటి కాఠిన్యాన్ని తగ్గించే పరికరం) ఉంటే, అది కాఠిన్యాన్ని తీసేసినా టీడీఎస్ దాదాపు అలాగే ఉంటుంది, ఎందుకంటే తీసేసిన కాల్షియం స్థానంలో సోడియం వచ్చి చేరుతుంది. కాబట్టి ఈ పనికి టీడీఎస్ మీటరు ఉపయోగపడదు.

నమ్మదగిన దారులు మూడున్నాయి. మీ అపార్ట్‌మెంట్ సంఘం ఎప్పుడైనా నీటి పరీక్ష చేయించి ఉంటే, ఆ నివేదికలో టోటల్ హార్డ్‌నెస్ అనే వరుసలో అంకె ఉంటుంది. సెక్రటరీ గారిని అడిగితే చాలు. రెండోది, కొన్ని యంత్రాలతో పాటే ఇచ్చే కాగితపు పట్టీ. నీటిలో క్షణం ముంచి తీసి, మారిన రంగును పెట్టె మీది రంగులతో పోల్చాలి. మూడోది, నాకు బాగా నచ్చినది, చుక్కల పరీక్ష. చేపల తొట్లు అమ్మే దుకాణాల్లో జీహెచ్ కిట్ పేరుతో దొరుకుతుంది. చిన్న గాజు గొట్టంలో గీత వరకు నీరు పోసి, రసాయనాన్ని ఒక్కో చుక్కా వేస్తూ, ప్రతి చుక్కకూ కలుపుతూ పోతే, ఒక చుక్క దగ్గర రంగు ఠక్కున మారుతుంది. ఎన్నో చుక్కకు మారిందో అదే లెక్క. మామూలుగా ఒక్కో చుక్క ఒక జర్మన్ డిగ్రీకి (కాఠిన్యానికి వాడే ఒక కొలత) సమానం, కిట్ మీద రాసింది చూసుకోండి. మా ఇంట్లో ఒక బోరు నీళ్ల రోజున ఇరవై చుక్కలు దాటినా రంగు మారక, నేను చుక్కల లెక్క తప్పానేమో అనుకుని మొదటి నుంచి మళ్లీ చేశాను. రెండుసార్లూ ఇరవై ఐదో చుక్కకే మారింది.

ఈ మూడూ లేకపోతే స్థూలమైన అంచనాకు సబ్బు పరీక్ష ఉంది. ఒకే సైజు సీసాలు రెండు తీసుకుని, ఒకదానిలో ఆర్‌ఓ నీరు, ఇంకోదానిలో కుళాయి నీరు సగం వరకు పోసి, రెండింటిలోనూ ఒంటి సబ్బు తురుము సమానంగా వేసి గట్టిగా కుదపండి. మెత్తటి నీటిలో నురగ నిలబడుతుంది, కఠినమైన నీటిలో పెరుగు విరిగినట్టు తెట్టు కడుతుంది. గిన్నెలు తోమే ద్రవం ఈ పరీక్షకు పనికిరాదు, అది కఠినమైన నీటిలోనూ నురగనిస్తుంది. ఇది అంకెను ఇవ్వదని మాత్రం మరవవద్దు.

నీటిని యంత్రానికి గొట్టం కలిపిన కుళాయి నుంచే పట్టాలి. ఒక్కరోజు పరీక్షతో ఆగవద్దు. మన అపార్ట్‌మెంట్లలో మంజీరా నీరు, బోరు నీరు, ట్యాంకర్ నీరు ఒకే సంప్‌లో కలిసి పైట్యాంకుకు ఎక్కుతాయి. మంజీరా వదిలిన మర్నాడు ఒక అంకె వస్తే, బోరు మాత్రమే నడిచిన రోజున దానికి రెట్టింపు రావచ్చు. ఏ రోజు ఏ నీరు ఎక్కించారో అందరికంటే బాగా తెలిసేది వాచ్‌మన్‌కే. అతన్ని అడిగి, వారం పది రోజుల్లో మూడు వేర్వేరు రోజులు పరీక్షించి, మూడు అంకెలూ రాసి పెట్టుకోండి.

ఆ అంకెను యంత్రానికి చెప్పండి

డిష్‌వాషర్ అడుగున నీటిని మెత్తబరిచే చిన్న అర ఉంటుంది. అందులో రెజిన్ గుళికలు ఉంటాయి. నీరు వాటి మీదుగా పోతున్నప్పుడు గుళికలు కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకుని, వాటికి బదులు తమ దగ్గరున్న సోడియంను నీటిలోకి వదులుతాయి. సోడియం పెంకు కట్టదు. కొన్నాళ్లకు గుళికలు కాల్షియంతో నిండిపోతాయి. అప్పుడు యంత్రం ఉప్పు ద్రావణంతో వాటిని కడిగి, కాల్షియంను మురుగులోకి తోసేసి, గుళికలను మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. ఎన్ని విడతలకు ఒకసారి అలా కడుక్కోవాలో మామూలు యంత్రానికి తనంతట తాను తెలియదు. మీరు పెట్టే కాఠిన్యం అమరికే దానికి ఆధారం. అమరిక తక్కువగా ఉంటే గుళికలు నిండిపోయిన తర్వాత కూడా బోరు నీరు నేరుగా గిన్నెల మీదికి పోతూనే ఉంటుంది. లోపల ఉప్పు నిండుగా ఉన్నా ప్రయోజనం ఉండదు. మా ఇంట్లో జరిగింది అదే.

యంత్రాల పుస్తకాల్లో కాఠిన్యాన్ని తరచుగా జర్మన్ డిగ్రీల్లో ఇస్తారు. ఒక జర్మన్ డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాములు. మీ దగ్గరున్న మిల్లీగ్రాముల అంకెను 17.8తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి. 200 మిల్లీగ్రాములు అంటే సుమారు 11 డిగ్రీలు, 450 అంటే 25, 600 అంటే దాదాపు 34. ఫ్రెంచి డిగ్రీలు అని ఉంటే 10తో భాగించాలి. పీపీఎం అని ఉంటే అది మిల్లీగ్రాముల అంకెతో సమానమే.

తర్వాత పుస్తకంలో నీటి కాఠిన్యం అనే పేజీ తెరవండి. చాలా యంత్రాల్లో ఒక బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కిపట్టుకుంటే అమరికల్లోకి వెళ్లి, తెర మీద ఒక అక్షరం, అంకె కనిపిస్తాయి. ఇంకో బటన్‌తో పెంచుతూ పోవచ్చు. ఏ బటన్ అనేది యంత్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి పుస్తకం చూసే చేయండి. పుస్తకం పోయి ఉంటే మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఆ నంబరు తలుపు అంచున అతికించిన చీటీ మీద ఉంటుంది.

మూడు రోజుల అంకెలు వేర్వేరుగా ఉన్నప్పుడు దేన్ని పెట్టాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. నా సలహా ఇది: నెలలో ఎక్కువ రోజులు వచ్చే నీటి అంకెను పెట్టండి. భయపడి ఎప్పుడూ పై అంకెలోనే ఉంచితే ఉప్పు దండగ కావడమే కాకుండా, సన్నటి గాజు వస్తువులు తినివేయబడే ప్రమాదం పెరుగుతుంది. స్టీలు కంచాలు, గిన్నెలే ఎక్కువగా కడిగే ఇళ్లలో ఒక మెట్టు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. చాలా యంత్రాల పై హద్దు 50 జర్మన్ డిగ్రీలు, అంటే దాదాపు 890 మిల్లీగ్రాములు. మీ బోరు నీరు దానిని కూడా దాటితే, యంత్రం ఒక్కటే ఆ పని మోయలేదు. కుళాయికి ముందు వేరే సాఫ్ట్‌నర్ పెట్టుకోవాల్సిందే.

ఉప్పు

డిష్‌వాషర్ ఉప్పు అని అమ్మేది శుద్ధమైన సోడియం క్లోరైడ్, పెద్ద పలుకులుగా ఉంటుంది. వంటింటి మెత్తటి ఉప్పులో అయొడిన్‌తో పాటు గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు ఉంటాయి, పైగా అది ముద్దలా అడ్డుపడుతుంది. కల్లుప్పు పలుకులు చూడటానికి ఒకేలా ఉన్నా, అందులో మట్టితో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి. వేటిని తీసేయడానికి ఉప్పు పోస్తున్నామో వాటినే మళ్లీ పోసినట్టవుతుంది. కాస్త ఖరీదైనా ఈ ఒక్కచోట అసలైనదే కొనండి.

గిన్నెలు పెట్టే కింది అరను బయటికి తీస్తే అడుగున ఉప్పు అర మరమూత కనిపిస్తుంది. కొత్త యంత్రమైతే మొదటిసారి మాత్రమే అందులో నిండుగా, సుమారు లీటరు నీరు పోయాలి. తర్వాత గరాటు పెట్టి ఉప్పు పోయండి. ఉప్పు దిగుతున్నకొద్దీ లోపలి నీరు పొర్లుతుంది, అది సహజమే. మూత మర మీద పడిన పలుకులను తడిగుడ్డతో తుడిచి, మూతను గట్టిగా బిగించి, గిన్నెలు ఉన్నా లేకపోయినా వెంటనే ఒక విడత నడపండి. పొర్లిన ఉప్పునీరు రాత్రంతా అడుగున నిలిస్తే స్టీలుకు తుప్పు చుక్కలు పడతాయి. అందుకే కడగబోయే ముందే ఉప్పు పోయాలి, కడిగిన తర్వాత కాదు. ఈ అరలో పొరపాటున కూడా డిటర్జెంటు వేయవద్దు, గుళికలు పాడైపోతాయి. ఇంట్లో పనికి వచ్చే ఆమె యంత్రం నడిపే ఇళ్లలో ఈ మాట ఆమెకు చూపించి మరీ చెప్పాలి.

రిన్స్ ఎయిడ్, డిటర్జెంటు

ఉప్పు సున్నం రాకుండా ఆపుతుంది, రిన్స్ ఎయిడ్ మిగిలిన నీరు చుక్కగా నిలవకుండా జారిపోయేలా చేస్తుంది. ఒకటి రెండోదానికి బదులు కాదు. అమరికను మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. చుక్కల గుర్తులు మిగులుతుంటే ఒక మెట్టు పెంచండి, నీలి జీరలు వస్తే ఒక మెట్టు తగ్గించండి. మార్చిన ప్రతిసారీ మూడు నాలుగు విడతలు చూసి తీర్పు చెప్పండి.

అన్నీ కలిపిన బిళ్లలు వాడితే ఉప్పు అక్కరలేదని చాలామంది నమ్ముతారు. వాటి పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో ఒక హద్దు రాసి ఉంటుంది, సాధారణంగా అది 21 జర్మన్ డిగ్రీలు, అంటే సుమారు 375 మిల్లీగ్రాములు. మన బోరు నీళ్ల ఇళ్లలో చాలాచోట్ల ఆ హద్దు దాటిపోతుంది కాబట్టి బిళ్లలు వాడినా ఉప్పు విడిగా పోయాల్సిందే. నీరు రోజుకో రకంగా మారే ఇళ్లకు బిళ్లకంటే పొడి మేలని నా అనుభవం, ఎందుకంటే కొలత తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఎంగిలి, ముద్దలు తీసేసి పెడితే చాలు. ముందే సబ్బుతో తోమి పెట్టిన గిన్నెలకు నిండు కొలత డిటర్జెంటు వేస్తే, తినడానికి మురికి దొరకని క్షారం గాజు మీద పడుతుంది.

ఇప్పటికే పేరుకున్న పొరను వదిలించడం

అమరిక సరిచేశాక కొత్త పొర రాదు. పాతది మాత్రం దానంతట అది పోదు. దీనికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, అన్నిటికంటే చవకైన మందు. లీటరు గోరువెచ్చటి నీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, ప్లాస్టిక్ టబ్బులో గ్లాసులను పావుగంట నుంచి అరగంట నానబెట్టి, మెత్తటి స్పాంజితో రుద్ది, మంచినీటితో కడిగి, నూలుగుడ్డతో తుడవండి. నీరు మరిగేంత వేడిగా ఉండకూడదు. కాల్షియం సిట్రేట్ వేడి నీటిలో తక్కువగా కరుగుతుంది కాబట్టి మళ్లీ తెల్లటి మడ్డి కనిపించవచ్చు. స్టీలు గిన్నెలకూ ఇదే పద్ధతి, కాకపోతే రాత్రంతా నానబెట్టవద్దు. ఇత్తడికి వాడే చింతపండు ఇక్కడ అంత బాగా పనిచేయదు, దానిలోని ఆమ్లం కాల్షియంతో కలిస్తే ఏర్పడే లవణం నీటిలో సరిగా కరగదు.

ఒక హెచ్చరిక. ఈ పనిని గ్రానైటు గట్టు మీద చేయవచ్చుగానీ, పాలరాయి, కడప బండ, షాబాద్, తాండూరు బండల మీద చేయవద్దు. అవి కూడా సున్నపురాళ్లే. గ్లాసు మీది సున్నాన్ని కరిగించే ఆమ్లం నేల మెరుపునూ తినేస్తుంది. బ్లీచింగ్ ద్రవంతో దీన్ని ఎప్పుడూ కలపవద్దు, ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

యంత్రం లోపలి పెంకును వదిలించడానికి ముందు అడుగునున్న ఫిల్టరును తీసి పాత పళ్ల బ్రష్షుతో కడగండి. నీరు చిమ్మే రెక్కలను ఊడదీసి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే మూసుకుపోయిన రంధ్రాలు తెలుస్తాయి. వాటిని అగ్గిపుల్లతోగానీ టూత్‌పిక్‌తోగానీ పొడిచి, కుళాయి కింద పట్టి లోపలి ఇసుకను కడిగేయండి. మొదటిసారి మా యంత్రం రెక్క నుంచి చెంచాడు పెంకు రేకులు రాలాయి. తర్వాత నాలుగు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పును డిటర్జెంటు లేకుండా ఖాళీ యంత్రం అడుగున చల్లి, మధ్యస్థ వేడి విడత ఒకటి పూర్తిగా నడపండి. డిటర్జెంటు కలిపితే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వెనిగర్‌ను తరచుగా ఈ పనికి వాడితే రబ్బరు భాగాలు దెబ్బతినవచ్చు. అమరిక సరిగా ఉంటే ఇది రెండు మూడు నెలలకోసారి సరిపోతుంది; ఫిల్టరు కడగడం మాత్రం వారానికోసారి తప్పదు.

సర్దడంలో గమనించవలసింది ఒక్కటే, ఏ గిన్నె అడుగులోనూ నీరు నిలవకూడదు. లోతైన గిన్నెలను వాలుగా బోర్లించి, గ్లాసులు ఒకదానికొకటి తగలకుండా పెట్టి, విడత ముగిసిన అరగంటకు తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి.

నీరు మారినప్పుడు

మార్చి నుంచి జూన్ వరకు భూగర్భ జలం కిందికి దిగినకొద్దీ ట్యాంకర్లు పెరుగుతాయి, ఆ ట్యాంకర్ ఏ బోరు నుంచి వచ్చిందో మనకు తెలియదు. మా ఇంట్లో సింక్ కింది తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించి, పరీక్షించిన తేదీ, వచ్చిన చుక్కలు, పెట్టిన అమరిక రాస్తున్నాం. వేసవి మొదట్లో ఒకసారి, వానలు స్థిరపడ్డాక ఒకసారి, మంజీరా సరఫరా వేళలు మారినప్పుడు ఒకసారి పరీక్షిస్తే ఏడాదికి సరిపోతుంది.

అపార్ట్‌మెంట్ మొత్తానికీ సాఫ్ట్‌నర్ ఉన్నచోట ఇంకో జాగ్రత్త కావాలి. అది సరిగా పనిచేసే రోజుల్లో కుళాయి నీటి కాఠిన్యం రెండు మూడు జర్మన్ డిగ్రీలే ఉంటుంది, అప్పుడు యంత్రం అమరికను అన్నిటికంటే కిందికి దించాలి, లేకపోతే గాజుకు హాని. అందులో ఉప్పు వేయడం మరచిన వారం కాఠిన్యం మళ్లీ పైకి వెళ్తుంది. గ్లాసులు హఠాత్తుగా మసకబారితే ముందు మీ యంత్రాన్ని అనుమానించకుండా, కుళాయి నీటికి చుక్కల పరీక్ష చేయండి. అంకె పెరిగి ఉంటే ఆ సంగతి సంఘానికి చెప్పండి, పక్క ఫ్లాట్ల గీజర్లకూ అదే నీరు వెళ్తోంది.

అమరిక సరిగా ఉండి, ఉప్పు అయిపోయిందని చెప్పే దీపం వెలగకుండా, నెలల తరబడి ఉప్పు మట్టం ఏమాత్రం దిగకపోతే మాత్రం మెత్తబరిచే భాగంలోనే లోపం ఉందని అనుమానించాలి. మెకానిక్‌ను పిలిచినప్పుడు “గిన్నెలు తెల్లగా వస్తున్నాయి” అని చెప్పి ఊరుకోకండి. కుళాయి నీరు ఇన్ని డిగ్రీలు, అమరిక ఇంత, చివరిసారి ఉప్పు పోసిన తేదీ ఇది, అప్పటి నుంచి ఇన్ని విడతలు నడిచాయి అని తలుపు లోపలి కాగితం చూసి చెప్పండి. విడత మధ్యలో యంత్రం ఆపించి, అడుగున నిలిచిన నీటిని సిరంజితో తీసి, అతని ముందే ఆ నీటికి కూడా చుక్కల పరీక్ష చేయండి. డిటర్జెంటు వేయకుండా ఖాళీగా నడిపితేనే రంగు స్పష్టంగా తెలుస్తుంది. కుళాయి నీటికి ఇరవై ఐదు చుక్కలు పట్టి, యంత్రంలోని నీటికీ దాదాపు అన్నే పడితే, మార్చవలసింది డిటర్జెంటు కాదని అతనికి వేరే చెప్పనక్కరలేదు.